మెదడు జ్వరానికి పురుగుల మందా?

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమె తండ్రికి 59 ఏళ్లు, బరువు 58 కిలోలు, వరి రైతు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల బిళ్లలు ఏళ్ల తరబడి వాడుతున్నారు. ఆయాసం పెరుగుతుండడంతో అమ్మాయే పట్టుబట్టి ఆయన్ను పట్నంలోని ఊపిరితిత్తుల నిపుణుడికి చూపించింది. ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే జబ్బు ఉందని స్కాన్‌లో తేలడంతో ఆ నిపుణుడు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఐదు వారాలు తిరిగేసరికి కడుపుబ్బరం, వాంతులు, ఆ వెంటనే చలిజ్వరం, తలనొప్పి వచ్చి, చివరికి ఇంట్లోవాళ్లను కూడా పోల్చుకోలేని స్థితికి చేరారు. ఆసుపత్రిలో చేరిన రోజే రెండు చేతుల నుంచి తీసిన రక్తంలో ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే రెండు బ్యాక్టీరియాలు, వెన్నులోంచి తీసిన నీటిలో ఈ.కోలై పెరిగాయి, అంటే ఇన్ఫెక్షన్ మెదడు పొరలకూ సోకింది. మొదట వచ్చిన రిపోర్టులో మాత్రం ‘మిశ్రమ పెరుగుదల, నమూనా కలుషితమై ఉండవచ్చు’ అని ఉంది. మూడు వారాలు మెరోపెనెం అనే యాంటీబయాటిక్ ఇచ్చి, ప్రెడ్నిసొలోన్ కొనసాగించమని చెప్పి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చిన మూడో వారంలో మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి వేరే ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో ఎంటెరోకాకస్ ఫీసియం అనే ఇంకో బ్యాక్టీరియా బయటపడింది. దగ్గు ఎక్కువగా ఉందని కళ్లె పరీక్షకు పంపితే, మైక్రోస్కోప్ కింద కదులుతున్న సన్నని పురుగు పిల్లలు కనిపించాయి. అక్కడి వైద్యులు స్టెరాయిడ్‌ను బాగా తగ్గించి, చిన్న మోతాదు హైడ్రోకార్టిసోన్‌కు మార్చి, యాంటీబయాటిక్‌తో పాటు రోజూ 12 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇచ్చారు. పరీక్షల్లో పురుగు కనిపించకుండా రెండు వారాలు గడిచేదాకా ఆ మాత్ర ఆపవద్దని చెప్పి పంపారు. ఇంటికి రాగానే అన్నయ్య ఐదు రోజులకే దాన్ని ఆపేశాడు. ‘మెదడు జ్వరానికి పురుగుల మందేమిటి, అది పశువులకు వేసేది, మొదటి ఆసుపత్రిలో అంటించిన రోగాన్ని కప్పిపుచ్చడానికి కథ చెబుతున్నారు’ అన్నది అతని వాదన. ఆ ఆసుపత్రి మీద కేసు వేస్తానంటున్నాడు. నాన్నను స్టెరాయిడ్ రాసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నువ్వేనంటూ చెల్లెలిని నిష్ఠూరాలాడుతున్నాడు. ఇంతలో ఊపిరితిత్తుల నిపుణుడు స్టెరాయిడ్ మళ్లీ పెంచక తప్పదంటున్నారు. ‘ఈ రోగనిర్ధారణను నమ్మాలా? స్టెరాయిడ్ మళ్లీ ఇవ్వవచ్చా? అమ్మకూ మాకూ పరీక్షలు అవసరమా? కేసు విషయంలో అన్నయ్యకు ఏం చెప్పాలి?’ ఇవీ ఆమె అడిగిన ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఒక మాట విడిగా తెలియజేశాం. ఐవర్‌మెక్టిన్ ఆపిన సంగతి రెండో ఆసుపత్రి వైద్యులకు అదే రోజు ఫోన్ చేసి చెప్పి, వారి సూచన ప్రకారం వెంటనే మళ్లీ మొదలుపెట్టాలన్నదే ఆ మాట. తక్కిన ప్రశ్నలకు కొంత ఓపిగ్గా సమాధానం చెప్పాలి. ఇలాంటి చిక్కు మీ ఒక్క ఇంటిదే కాదు కాబట్టి అందరికీ పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

మీ అన్నయ్య ప్రశ్న నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే అది వెర్రి ప్రశ్న కాదు. పెద్దవాళ్లలో మెదడు పొరలకు సోకే బ్యాక్టీరియా సాధారణంగా ముక్కు, గొంతు, చెవుల దారిలో వచ్చే న్యుమోకాకస్ వంటిది. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటెరోకాకస్ మూడూ పేగుల్లో కాపురముండేవి. తలకు దెబ్బ తగలని, మెదడు ఆపరేషన్ జరగని మనిషి వెన్నునీటిలో పేగు బ్యాక్టీరియా కనిపించిందంటే, దాన్ని చంపే మందు వెతకడంతో వైద్యుడి పని పూర్తికాదు. అది పేగు గోడ దాటి అక్కడిదాకా ఎలా వెళ్లిందన్న ప్రశ్నకు కూడా జవాబు దొరకాలి. మొదటి ఆసుపత్రిలో దొరకనిది ఆ జవాబే. మందు సరైనదే ఇచ్చారు, ఆ బ్యాక్టీరియాను మోసుకొచ్చే పురుగు మాత్రం లోపలే ఉండిపోయింది.

ఆ పురుగు పేరు స్ట్రాంగిలాయిడిస్. ఇండో చైనా నుంచి ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవుకు తిరిగొచ్చిన ఫ్రెంచి సైనికుల మలంలో 1876లో లూయీ నార్మాఁ అనే వైద్యుడు దీన్ని మొదట గుర్తించాడు. మలంతో కలుషితమైన తడి నేలలో దీని పిల్లలు, అంటే లార్వాలు, బతుకుతాయి. చెప్పుల్లేని కాళ్ల చర్మాన్ని తొలుచుకుని లోపలికి వెళ్లి, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి పాకి, మింగుడుపడి చిన్నపేగులో స్థిరపడతాయి. తక్కిన నులిపురుగుల్లో చాలావాటికి లేని గుణం దీనికొకటుంది. దీని పిల్లల్లో కొన్ని బయటి నేలతో పని లేకుండా పేగులోనే ఎదిగి, అదే మనిషికి మళ్లీ సోకగలవు. అందువల్ల ఒకసారి ఒంట్లో చేరితే మందు పడేదాకా దశాబ్దాలు ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలు మార్గం మీద వెట్టిచాకిరి చేసిన యుద్ధఖైదీల్లో కొందరికి, స్వదేశాలకు వెళ్లిన 30 ఏళ్ల తర్వాత కూడా ఇది ఒంట్లోనే ఉన్నట్టు తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాడిలో ఇది పెద్దగా బాధపెట్టదు. స్టెరాయిడ్ పడి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మాత్రం లార్వాలు లెక్కకు మించి పెరిగి, పేగు గోడలను చీల్చుకుని రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, ఒక్కోసారి మెదడు పొరల్లోకి చేరతాయి. వాటి ఒంటికి అంటుకుని, వాటి కడుపులో ఉండి, అవి చేసిన కంతల్లోంచి జారి, పేగు బ్యాక్టీరియా కూడా వాటి వెంట వెళుతుంది. ఒకే మనిషి రక్తంలో రెండు మూడు రకాలు కనబడటానికి కారణం ఇదే.

మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు సంగతులు నాకు ముఖ్యంగా తోచాయి. మొదటిది, నాన్నగారికి పిరుదుల దగ్గర, తొడల మీద ఎర్రటి గీతలాంటి దురద వచ్చి, కొన్ని గంటల్లోనే చోటు మారి మాయమయ్యేదని, దానికి తామర మందు రాసేవారని చెప్పారు. చర్మం కింద ఈ లార్వా పాకితే పడే గీత అచ్చం అలాగే ఉంటుంది. తామర ఒకేచోట ఉండి నెమ్మదిగా వెడల్పవుతుంది, గంటల్లో చోటు మారదు. రెండోది, రెండేళ్ల కిందటి రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (పురుగులు, అలర్జీలు ఉన్నప్పుడు పెరిగే తెల్ల రక్తకణాలు) 16 శాతం ఉన్నాయని, దానికి ఫైలేరియా మాత్రలు మూడు వారాలు ఇచ్చారని రాశారు. కారణం వెతకకుండా ఇసినోఫిల్స్ సంఖ్యకు మందివ్వడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. ఆ మాత్రలను నమ్ముకుని ఈ పురుగు పోయిందనుకోలేం. ఈసారి ఆసుపత్రిలో ఇసినోఫిల్స్ మామూలుగానే ఉన్నాయి కాబట్టి పురుగు లేదని మీ అన్నయ్య అంటున్నాడు. ఆ వాదన నిలవదు. స్టెరాయిడ్ ఇసినోఫిల్స్‌ను అణచేస్తుంది. జబ్బు ముదిరిన ఈ దశలో అవి పెరగకపోవడమే తరచు కనిపిస్తుంది, పైగా అది మంచి సూచన కూడా కాదు.

ఏటా ఇంటిల్లిపాదికీ నులిపురుగుల మాత్ర వేస్తూనే ఉన్నాం కదా అని మీరు అడిగారు. బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మోతాదు ఏలికపాములు, కొంకిపురుగుల వంటి వాటికి ఉద్దేశించింది. స్ట్రాంగిలాయిడిస్‌ను ఆ ఒక్క మాత్ర తుడిచిపెట్టలేదు. దీనికి మొదటి మందు ఐవర్‌మెక్టిన్. పశువులకు వాడే మాట నిజమే, కానీ మనుషుల మోతాదులో తయారైన మాత్రలు వేరు. ఈ మందును కనిపెట్టినందుకే సతోషి ఓముర, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. కొవిడ్ సమయంలో దీని చుట్టూ జరిగిన గలాటా వల్ల ఈ పేరు వినగానే జనం నొసలు చిట్లిస్తున్నారు. కొవిడ్‌పై అది పనిచేయదని పెద్ద అధ్యయనాల్లో తేలింది. ఈ పురుగు విషయంలో దాని స్థానం మాత్రం చెక్కుచెదరలేదు. కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల లెక్కన 58 కిలోలకు 11.6 మిల్లీగ్రాములు కావాలి. అంటే మీ డాక్టర్లు రాసిన 12 మిల్లీగ్రాములు సరిగ్గా సరిపోతుంది. మామూలు సంక్రమణకు ఒకటి రెండు రోజుల మోతాదు చాలు. ఇలా ఒళ్లంతా పాకినప్పుడు మాత్రం మలంలోనూ కళ్లెలోనూ లార్వా కనిపించకుండా వరుసగా రెండు వారాలు గడిచేదాకా రోజూ ఇవ్వాలి. పేగులోనే తిరిగి ఎదిగే చక్రం పూర్తి కావడానికి సుమారు అంత సమయం పడుతుంది కాబట్టి ఆ గడువు పెట్టారు. ఐదు రోజులకే ఆపితే మిగిలిన కొన్ని పురుగులు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాయి.

ఇక రోగనిర్ధారణను నమ్మాలా వద్దా అన్న సంగతి. కళ్లెలో లార్వా కనబడ్డాక పురుగు ఉందా లేదా అన్న చర్చ ముగిసినట్టే. అయితే మిశ్రమ సంక్రమణకు అదొక్కటే కారణమని తేల్చేముందు మిగతా దారులు మూసి ఉన్నాయో లేదో చూడటం మంచి వైద్యం. చెవిలో పాత చీము, గుండె కవాటాల మీద ఇన్ఫెక్షన్, పేగులో పుండు లేదా గడ్డ, మెదడులో చీము గడ్డ ఇలాంటివి. ఎమ్మారై, గుండె ఎకో చేయించారని రాశారు కాబట్టి సగం పని అయిపోయింది. హెచ్‌ఐవీ, హెచ్‌టీఎల్‌వీ-1 పరీక్షలు చేశారేమో అడగండి. రెండోది రోగనిరోధక కణాలకు సోకే ఒక వైరస్, మన దగ్గర అరుదే కానీ, అది ఉన్నవారిలో ఈ పురుగు మందుకు సరిగా లొంగదు.

పరీక్షల విషయంలో ఇంకో రెండు మాటలు చెప్పాలి. మొదటి రిపోర్టులో ‘కలుషితమై ఉండవచ్చు’ అన్న మాట లేబొరేటరీల్లో రోజూ రాసేదే. చర్మం మీది స్టెఫైలోకాకస్ ఒక సీసాలో మాత్రమే పెరిగితే ఆ అనుమానం సబబు. రెండు చేతుల నుంచి తీసిన రక్తంలో అవే రెండు పేగు బ్యాక్టీరియాలు పెరిగి, అందులో ఒకటి వెన్నునీటిలోనూ ఉన్నప్పుడు దాన్ని కలుషితం అనడానికి వీల్లేదు. అదృష్టవశాత్తు మీ వైద్యులు ఆ వాక్యాన్ని పట్టుకుని మందు ఆపలేదు. ఆ తర్వాతి మాట వెన్నునీటిలో కొన్ని క్రిముల జన్యుపదార్థం కోసం వెతికి గంటలో ఫలితం ఇచ్చే పీసీఆర్ పరీక్ష గురించి. అందులో ఏమీ లేదని వచ్చింది కదా అని అన్నయ్య ఎత్తిచూపాడు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ప్యానెల్ ఈ.కోలైలో కె1 అనే ఒక్క రకాన్నే గుర్తిస్తుంది. క్లెబ్సియెల్లా, క్షయ దాని జాబితాలోనే లేవు, పురుగు సంగతి సరేసరి. జాబితాలో లేనివాటి గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పలేదు, బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌ను నమ్మాల్సిందే.

మీ అన్నయ్య అనుమానంలోని కేసు భాగానికి వద్దాం. ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు సాధారణంగా చేరిన 48 గంటల తర్వాత బయటపడతాయి. మీ నాన్నగారికి బ్యాక్టీరియా దొరికింది చేరిన రోజు తీసిన రక్తంలో. కాబట్టి మొదటిసారి ఆసుపత్రి అంటించిందన్న వాదనకు ఆధారం కనబడదు. రెండోసారి వచ్చిన ఎంటెరోకాకస్ ఫీసియం సంగతి అంత తేటతెల్లం కాదు. చేతి నరంలో పెట్టిన గొట్టం ద్వారా అది రావచ్చు, మెరోపెనెంకు లొంగనిది కాబట్టి మిగతావి చచ్చాక పురుగు వెంట ఇదే రావచ్చు. ‘పురుగు కోసం ముందే ఎందుకు చూడలేదు’ అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. మన దగ్గర చాలామంది వైద్యులు ఇలాంటి కేసును ఎన్నడూ చూసి ఉండరు, చాలా ఆసుపత్రుల్లో స్టెరాయిడ్ ఇచ్చేముందు ఈ పురుగు కోసం వెతకడం అలవాటులో లేదు.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. కేసు వేయాలనుకుంటే ముందు రికార్డులన్నీ లిఖితపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది కాబట్టి నాన్నగారు కోలుకోకముందే పరుగెత్తాల్సిన పనిలేదు. కానీ అరుదైన జబ్బును మొదటిసారి పోల్చుకోలేకపోవడం, నిర్లక్ష్యం ఒకటి కావని న్యాయస్థానాలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఆ ఆసుపత్రి మెదడు పొరల ఇన్ఫెక్షన్‌కు సరైన మందు, సరైనన్ని రోజులు ఇచ్చింది కాబట్టి కేసు నిలవడం కష్టమని నా అభిప్రాయం. రెండో దారి, ఆ ఆసుపత్రికే అన్ని రిపోర్టులు పంపి, జరిగింది ఇదీ అని రాతపూర్వకంగా తెలియజేయడం. డబ్బులు రావు కానీ, తర్వాత వచ్చే ఇలాంటి రోగికి అక్కడ కళ్లె పరీక్ష జరిగే అవకాశం ఉంటుంది. ఏ దారి ఎంచుకున్నా రికార్డులు ఎలాగూ కావాలి, నాన్నగారి తదుపరి వైద్యానికే కావాలి.

మిమ్మల్ని నిష్ఠూరమాడటం గురించి ఒక్క మాట. ఊపిరితిత్తుల నిపుణుడు స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే మీ నాన్నగారు స్టెరాయిడ్ మీద ఉండి ఉండవచ్చు. నొప్పులకు ఆర్‌ఎంపీలు ఇచ్చే చిన్న తెల్ల బిళ్లల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్ ఉండటం మన పల్లెల్లో కొత్త సంగతి కాదు. ఆ బిళ్లల అట్ట ఒకటి సంపాదించి డాక్టరుకు చూపండి. ఇది నింద మీ మీద నుంచి ఆ ఆర్‌ఎంపీ మీదకు మార్చడానికి కాదు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడిన ఒంట్లో సహజ స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. అప్పుడు స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులై ప్రాణం మీదకు వస్తుంది. ప్రస్తుతం ఇస్తున్న చిన్న మోతాదు హైడ్రోకార్టిసోన్ అందుకే. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడి ఎవరైనా దాన్ని కూడా ఆపేస్తారేమో, ఆపవద్దు.

అసలు తేల్చుకోవలసింది స్టెరాయిడ్ మళ్లీ పెంచాలా అన్నదే. వెంటనే 40 మిల్లీగ్రాములకు తీసుకెళ్తే ఆయాసం కొంత తగ్గవచ్చు కానీ, పురుగు పూర్తిగా పోయిందని రుజువు కాకముందు ఆ పని చేయడం రెండుసార్లు జరిగినదాన్ని మూడోసారి పిలవడమే. ఈ స్థితిలో మందు పడనివారు దాదాపు బతకరు, మందు పడినా చాలామంది దక్కడం లేదు. అసలు పెంచనే పెంచకుండా ఉంటే పురుగు భయం తగ్గుతుంది కానీ, ఊపిరితిత్తుల మచ్చలు ముదిరితే ఆ నష్టం తిరిగిరాదు. అయితే మచ్చలు కట్టే జబ్బులన్నీ స్టెరాయిడ్‌కు లొంగేవి కావు. కొన్ని రకాల్లో దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. కాబట్టి ‘నాన్నగారిది ఏ రకం, స్టెరాయిడ్‌తో నిజంగా మేలు కనబడిందా, మైకోఫినొలేట్ వంటి వేరే మందుతో నడపవచ్చా’ అని ఆ నిపుణుణ్ణి సూటిగా అడగండి. ఆ మందులూ రోగనిరోధక శక్తిని తగ్గించేవే, కాకపోతే ఈ పురుగు విజృంభణతో అన్నింటికంటే గట్టి సంబంధం ఉన్నది స్టెరాయిడ్‌కే. ఐవర్‌మెక్టిన్ కోర్సు పూర్తిచేసి, రెండు మూడు వారాలాగి వేర్వేరు రోజుల మలం నమూనాలు, కళ్లె పరీక్షించి, ఏమీ లేదని తేలాక అవసరమైన కనీస మోతాదుతో మొదలుపెట్టడం నాకు అన్నింటికంటే సబబుగా తోస్తోంది. స్టెరాయిడ్ నడిచినంతకాలం కొందరు నిపుణులు ఐవర్‌మెక్టిన్‌ను మధ్యమధ్య ఇస్తుంటారు. అది అవసరమా అన్నది మీ ఇన్ఫెక్షన్ల వైద్యుడు నిర్ణయించాలి. ఇద్దరు నిపుణులూ ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకునేలా చేయగలిగితే మీరు చేయగలిగిన పెద్ద సాయం అదే. ఒకరి చీటీ ఇంకొకరికి మోసుకెళ్లే పని కుటుంబానికి వదిలేస్తే ఎక్కడో ఒక ముక్క జారిపోతుంది.

ఇంట్లోవాళ్ల పరీక్షల సంగతి. ఒక మనిషి నుంచి ఇంకొకరికి మాటలతోనో ముట్టుకోవడంతోనో ఇది అంటదు. కానీ అదే పొలంలో అలాగే ఉత్త కాళ్లతో దిగిన అమ్మకూ, అన్నయ్యకూ అదే నేల తగిలింది. ఇద్దరికీ రక్తంలో యాంటీబాడీ పరీక్ష, వీలైతే మూడు వేర్వేరు రోజుల మలం పరీక్ష చేయించండి. ఒక్కసారి మలం చూసి లేదనుకోవద్దు, లార్వాలు కొన్ని రోజులు వస్తాయి, కొన్ని రోజులు రావు. మీరు పెళ్లయి పట్నంలో ఉంటున్నానన్నారు కానీ, చిన్నప్పుడు ఆ చేలోనే ఆడుకున్నారు కదా, మీరూ చేయించుకోండి. పాజిటివ్ వస్తే మందు ఒకటి రెండు రోజులే. గర్భిణులకు, 15 కిలోలలోపు పిల్లలకు మాత్రం వైద్యుడు చెప్పకుండా వేయకూడదు. మీ అమ్మగారికి ఉబ్బసం ఉందని రాశారు, ఆమెకు ఎప్పుడైనా స్టెరాయిడ్ మాత్రలు రాసేముందు ఈ ఫలితం చేతిలో ఉండటం మంచిది.

అన్నయ్యను వాదనతో ఒప్పించడం కష్టమే. రెండో ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగానికి తీసుకెళ్లి, కళ్లె స్లైడ్ లేదా దాని వీడియో చూపించమని అడగండి. చాలా లేబొరేటరీలు ఇలాంటి అరుదైనవాటిని ఫోన్‌లో తీసి దాచుకుంటాయి. నాన్న దగ్గినప్పుడు వచ్చిన కళ్లెలో పురుగు మెలికలు తిరగడం కళ్లారా చూసిన మనిషి మాత్ర ఆపే పని మళ్లీ పెట్టుకోడని నా నమ్మకం. ఖర్చు విషయంలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిస్తే ప్రభుత్వ పథకంలో ఏవి వస్తాయో చెబుతారు. ఐవర్‌మెక్టిన్ మాత్ర ధర మీ ఆందోళనల్లో అతి చిన్నది.

నాన్నగారికి మళ్లీ జ్వరం, కడుపుబ్బరం, కొత్తగా దగ్గులో నెత్తుటి చార, తలనొప్పి, మాట తడబడటం, పగలే మగతగా ఉండటం, బొడ్డు చుట్టూ ఎర్రటి మచ్చలు వీటిలో ఏది కనిపించినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. చేరగానే రెండు మాటలు చెప్పండి: ఇంతకుముందు స్ట్రాంగిలాయిడిస్ వచ్చిందని, స్టెరాయిడ్ వాడకంలో ఉన్నారని. మొదటి యాంటీబయాటిక్ పడకముందే రెండు చోట్ల నుంచి బ్లడ్ కల్చర్ తీయమని, కళ్లె, మలం నమూనాలు కూడా ఆ రోజే పంపమని అడగండి. బ్లడ్ కల్చర్ కోసం యాంటీబయాటిక్‌ను గంటల తరబడి ఆపనక్కర్లేదు, ఐదు నిమిషాల పనే.